వాన ఆగిన మర్నాడు: జారే వాలు మీద 64 ఇళ్ల కేసు

ఊరి పేరు, శాఖల పేర్లు, సంవత్సరాలు ఇందులో ఉండవు. ఇళ్ల సంఖ్యనూ కొన్ని కొలతలనూ కాస్త మార్చాను, లెక్కల పోలిక మాత్రం చెడనివ్వలేదు. ఎవరి తప్పులో బయట పెట్టడానికి రాయడం లేదు. ఆ మాటకొస్తే మొదటి తప్పు కింద ఉన్న సంతకం నాదే.

నేపథ్యం

కొండచరియల ముప్పు తగ్గించే ప్రభుత్వ విభాగంలో భూసాంకేతిక ఇంజనీరుగా ఉండగా ఈ ఊరి ఫైలు నా బల్ల మీదకు వచ్చింది. 64 ఇళ్లు, ఒక బడి, మెట్లు మెట్లుగా పొలాలు. పైన కొండను తొలిచి 11 ఏళ్ల కిందట వేసిన రోడ్డు, కింద వాగు. చుట్టుపక్కల కొండలన్నీ నిటారుగా ఉంటే ఈ ఒక్కచోట మాత్రం నేల చెంచా గుంటలా పల్లంగా, కాస్త చదునుగా ఉంటుంది. ఎండాకాలంలోనూ ఊటలు పారుతుంటాయి.

కొండల్లో పనిచేసేవాళ్లు ఈ వర్ణన వినగానే జాగ్రత్త పడాలి. నిటారు కొండల మధ్య చదును నేల ఊరికే ఏర్పడదు. ఎప్పుడో కొండ జారి వచ్చి ఆగిన చోటు అది. జారిన మట్టి వదులుగా ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది, పంటకు అనువుగా ఉంటుంది, పునాది తవ్వడం తేలిక. ఇల్లు కట్టుకోవడానికి మనుషులు వెతికే గుణాలన్నీ పాత జారుడు నేలలో ఉంటాయి. ‘పోయి పోయి అక్కడెందుకు కట్టుకున్నారు?’ అని సమావేశాల్లో ఎవరైనా అన్నప్పుడల్లా నాకు చిరాకు వేస్తుంది. ఆ కొండ మీద బతకడానికి వీలైన చోటు అదొక్కటే.

వచ్చిన సమస్య

వర్షాకాలం ముగిశాక ఊరివాళ్లు అర్జీ పెట్టుకున్నారు. బడి వెనక 40 మీటర్ల పొడవున నేల పగిలింది. కింది వరుస ఇళ్లలో తలుపులు పట్టేస్తున్నాయి. రోడ్డు అంచు జానెడు కుంగింది. మాకు రక్షణ గోడ కట్టించండి అన్నది వారి కోరిక.

మొదటిసారి వెళ్లినప్పుడు పగులు వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాను. వెడల్పు 6 సెంటీమీటర్లు. నన్ను కలవరపెట్టింది వెడల్పు కాదు, ఆకారం. పగులు విల్లులా వంగి ఉంది, రెండు కొసలూ కొండ కిందివైపుకు తిరిగి ఉన్నాయి. అంచున ఎక్కడో మట్టి పెళ్ల ఊడుతుంటే పగులు అలా ఉండదు. మొత్తం గుంట ఒకే ముద్దగా కిందికి కదులుతుంటే దాని తలభాగంలో ఇలాంటి వంపు పగులు పడుతుంది. అడుగుల్లో కొలిచి చూస్తే కదులుతున్న నేల సుమారు 3 హెక్టార్లు తేలింది. ఊరు మొత్తం దాని మీదే ఉంది. ఖాళీ చేయాల్సి వస్తే తలదాచుకునే భవనంగా అప్పటి విపత్తు ప్రణాళికలో రాసి ఉన్నది ఆ పగులు పక్కనున్న బడినే.

గోడ

నేను వెళ్లేసరికే గోడకు నిధులు మంజూరయ్యాయి. ఎంత లోతున జారుతోందో బోర్లు వేసి చూడకుండా గోడ గురించి ఏమీ చెప్పలేనని రాశాను. రాసింది సరైనదే, కానీ గట్టిగా పట్టుబట్టలేదు. బోరు యంత్రం రావడానికి మూడు నెలలు పడుతుంది, వానలకు ఐదు నెలలే ఉంది. ఊరు గోడే అడుగుతోంది, ప్రభుత్వమూ కంటికి కనిపించే పని చేయాలనుకుంటోంది. గోడ వల్ల మేలు జరగకపోయినా కీడు మాత్రం జరగదులే అనుకుని సంతకం పెట్టాను. ఈ కేసులో నేను చేసిన అతి పెద్ద పొరపాటు ఆ ‘కీడు జరగదులే’.

జారే నేలకు పాదం దగ్గర, అంటే దాని కింది అంచున, ఉన్న మట్టే ఊతం. పై మట్టి తోస్తుంటే కింది మట్టి ఆపుతుంది. గోడ పునాది కోసం గుత్తేదారు ఆ పాదం వెంట 60 మీటర్ల కందకాన్ని ఒకేసారి తవ్వాడు. ఐదేసి మీటర్ల ముక్కలుగా, ఒక ముక్క కట్టాకే మరో ముక్క తవ్వాలని నేను షరతు పెట్టి ఉండాల్సింది, పెట్టలేదు. మూడు వారాల్లో పై పగులు 6 నుంచి 9 సెంటీమీటర్లయింది. వాన చుక్క పడలేదు. కదిలించింది మేమే.

గోడ పూర్తయింది. 4 మీటర్ల ఎత్తు, నీరు కారడానికి వరుసగా రంధ్రాలు, చూడటానికి ఠీవిగా ఉంది. గోడ వెనక కంకర వడపోత పొర మాత్రం వేయలేదు. తొలి వానలకే సన్నని బంకమట్టి వచ్చి రంధ్రాలను పూడ్చేసింది. వెనక నీరు నిలిచింది. సీజను చివరికి గోడ మధ్యభాగం పొట్టలా ముందుకు ఉబ్బింది.

తర్వాత బోర్ల ఫలితాలు వచ్చాక ఒక కాగితం మీద లెక్క వేశాను. మొదటి రోజే వేయాల్సిన లెక్క అది. కదులుతున్న మట్టి దాదాపు 2 లక్షల ఘనపు మీటర్లు, అంటే 4 లక్షల టన్నులు. గోడ బరువు 800 టన్నులు. గోడ పునాది లోతు మీటరున్నర. మట్టి ఏ పొర మీద జారుతోందో ఆ జారుడు తలం 9 మీటర్ల లోతున ఉంది. గోడ కొండను ఆపడం మాట అటుంచి, తానే కొండ మీద కూర్చుని ప్రయాణిస్తోంది.

ఇలాంటి గోడల కథ కొత్తది కాదు. కాలిఫోర్నియాలోని లా కంచీటాలో 1995లో కొండ జారింది. రోడ్డు మీదకు మట్టి రాకుండా పాదం దగ్గర ఒక గోడ కట్టారు. జారుడును ఆపడానికి రూపొందించిన గోడ కాదది. 2005 జనవరి 10న అదే మట్టి మళ్లీ కదిలి గోడను దాటుకుని ఇళ్ల మీద పడింది. 10 మంది చనిపోయారు. గోడ ఉందంటే చూసేవాళ్లకు ధైర్యం వస్తుంది. దాన్ని దేనికోసం కట్టారో పదేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

నీళ్లు ఎక్కడివి?

మూడు బోర్లు వేసి, రెండింటిలో నేల ఎంత లోతున పక్కకు జరుగుతోందో వంగి చూపే ఇంక్లినోమీటరు గొట్టాలు, మూడో దానిలో నీటి పీడనం కొలిచే పీజోమీటరు దించాం. గొట్టాలు రెండూ 9 మీటర్ల దగ్గరే వంగాయి. పైనంతా కొండ నుంచి వచ్చిన రాళ్లూ మట్టీ, కింద కుళ్లిన పలకరాయి. ఆ రెండింటి నడుమ వేలెడు మందాన, సబ్బులా మెత్తని బూడిదరంగు బంకమట్టి పొర. బోరు నుంచి తీసిన ఆ ముక్కను రెండు వేళ్ల మధ్య నలిపితే జారిపోయింది.

నీరు మట్టిని నూనెలా జారుడుగా చేస్తుందని చాలామంది అనుకుంటారు. కొండ జారేది అందుకు కాదని భూసాంకేతిక ఇంజనీరు కార్ల్ టెర్జాగి 1950లోనే వివరించాడు. మట్టి రేణువుల మధ్య చేరిన నీరు పీడనంతో వాటిని విడదీసి, అవి ఒకదాన్నొకటి నొక్కి పట్టుకునే బలాన్ని తగ్గిస్తుంది. పట్టు తగ్గితే రాపిడి తగ్గుతుంది. ఈ తేడా పుస్తకాలకే పరిమితం కాదు, ఏ పని చేయాలో తేల్చేది ఇదే. తడి సమస్య అయితే పైన టార్పాలిన్ కప్పితే సరిపోతుంది. పీడనం సమస్య అయితే లోపలి నీటిమట్టం దించాలి.

పీజోమీటరు చెప్పిన రెండో సంగతి ఈ కేసుకు ఇరుసు. పెద్ద వాన ఆగాక కూడా లోపలి నీటి పీడనం 14 నుంచి 30 గంటల దాకా పెరుగుతూనే ఉండేది. పైన పడిన నీరు 9 మీటర్లు దిగడానికి అంత సమయం పడుతోంది. ఆకాశం తెరిపిచ్చిన వేళే వాలు అత్యంత బలహీనంగా ఉంటోంది. అమెరికాలోని ఓసోలో 2014 మార్చి 22న 43 మందిని బలిగొన్న జారుడు కూడా వాన లేని ఉదయమే వచ్చింది. వానలన్నీ అంతకుముందు వారాల్లో కురిశాయి.

మరి అంత నీరు ఎక్కడిది? వాన అని తేల్చేయడం తేలిక. అయితే రెండు నెలలుగా చినుకు లేని రోజుల్లో కూడా పాదం దగ్గరి ఊట తగ్గడం లేదు. ఊరి నీళ్ల ట్యాంకు బడికి పైన ఉంది. ఒక రాత్రి పది గంటలకు ఇంటింటికీ తిరిగి కొళాయిలన్నీ కట్టించాం. ట్యాంకు లోపలి గోడ మీద సుద్దముక్కతో గీత గీశాను. తెల్లవారి ఐదింటికి టార్చి వేసి చూస్తే నీరు గీతకు 31 సెంటీమీటర్లు కింద ఉంది. ట్యాంకు అడుగు వైశాల్యం 10 చదరపు మీటర్లు. ఏడు గంటల్లో 3,100 లీటర్లు, రోజుకు పదివేలకు పైగా. నేల కదిలినప్పుడల్లా ఎక్కడో ఒక అతుకు ఊడుతోంది, అక్కడి నుంచి కారిన నీరు నేలను మరింత కదిలిస్తోంది.

దొంగ దొరికాడని సంబరపడ్డాను. నా సహోద్యోగి, నాకన్నా చిన్నది, లెక్క వేసి చల్లార్చింది. “సార్, 3 హెక్టార్ల మీద పదివేల లీటర్లంటే రోజుకు మిల్లీమీటరులో మూడో వంతు వాన. ఎండాకాలపు ఊటకు ఇది చాలు. వానాకాలంలో కదలడానికి చాలదు.” ఇద్దరం రోడ్డు ఎక్కాం. పక్క కాలువ వెంట 1.2 కిలోమీటర్లు నడిచాం. అంత పొడవు కాలువకూ ఒకటే కల్వర్టు ఉంది. రోడ్డు వేసినవాళ్లు దాన్ని తెచ్చి గుంట తలమీద, బడికి 60 మీటర్ల పైన వదిలారు. నీటికి దారి కావాలి, పల్లం అక్కడ కనిపించింది, అంతే. ఆ కాలువలోకి దిగే కొండ సుమారు 9 హెక్టార్లు. 50 మిల్లీమీటర్ల వానలో సగం పారి వచ్చినా 2,250 ఘనపు మీటర్లు. మా 3 హెక్టార్ల మీద పరిస్తే అదనంగా 75 మిల్లీమీటర్ల వానతో సమానం. ఊరి మీద 50 పడిన రోజున కొండకు అందుతున్నది 125.

పైపుల కారుడు ఏడాది పొడవునా నీటిమట్టాన్ని ఎత్తున నిలబెడుతోంది. కల్వర్టు వచ్చి దాన్ని ఆఖరి మెట్టు ఎక్కిస్తోంది. రోడ్డుకు 11 ఏళ్లు. పెద్దవాళ్లను అడిగితే తలుపులు పట్టేయడం మొదలై పదేళ్లయిందన్నారు.

పునరావాసం అనే దారి

ఈలోగా మరో శాఖ మొత్తం ఊరిని తరలించడానికి స్థలం చూసింది. వాగు కలిసేచోట విశాలమైన చదును, రోడ్డుకు దగ్గర. పటం మీద అంతా బాగుంది. ఊరివాళ్లు ఒప్పుకోలేదు. పొలాలకు దూరమని వాళ్ల అభ్యంతరం. మొండితనమని ఫైలులో రాశారు.

స్థలం చూడటానికి మాతో ఒక పెద్దావిడ వచ్చింది. చదును మధ్యలో మనిషెత్తు బండరాయి ఒకటి ఉంది. దాని నీడలో కూర్చుంటూ, “ఈ రాయి నా పెళ్లినాటికి ఇక్కడ లేదు బాబూ” అంది. నేను నోటుబుక్కు మూసేశాను. పక్కనున్న పాయ ముఖద్వారంలో, బురదా బండలూ కలిసి దొర్లుకొచ్చి పరుచుకున్న విసనకర్ర ఆకారపు మేట అది. నెమ్మదిగా జారే నేల నుంచి తీసి, నిమిషాల్లో ముంచేసే చోట పెట్టబోతున్నాం. జారుడు గురించి ముందురోజు సంకేతాలైనా దొరుకుతాయి. బురద ప్రవాహం అంత వ్యవధి ఇవ్వదు.

జపాన్‌లో 1999 నాటి హిరోషిమా విపత్తు తర్వాత 2000లో చేసిన చట్టం ఇలాంటి మేటలనూ నిటారు వాలుల కింది నేలనూ ముందే సర్వే చేసి, హెచ్చరిక మండలాలుగా, ప్రత్యేక హెచ్చరిక మండలాలుగా గుర్తించమంటుంది. మా దగ్గర ఆ పటం ఉండి ఉంటే ఆ స్థలం జాబితాలోకే వచ్చేది కాదు. ఊరు వద్దన్నది వేరే కారణానికి కావచ్చు, కానీ వద్దనడమే సరైంది.

చివరికి మొత్తం ఊరిని కాక 11 ఇళ్లను మాత్రమే తరలించాలని తేల్చాం. పగులు మీదున్న 4, పాదం అంచునున్న 7. ఇక్కడ కొందరు సహచరులు నాతో ఏకీభవించరు. నా వాదన ఇది: మిగతా వాలు ఏడాదికి 70 మిల్లీమీటర్ల వేగంతో, అంటే చాలా నెమ్మదిగా, లోతుగా, ఒకే ముద్దగా కదులుతోంది. కారణం తెలిసింది, దాన్ని తీసేయడం మన చేతిలో ఉంది. 64 కుటుంబాల జీవనాన్ని పెకలించే ముందు ఆ ప్రయత్నం జరగాలి. రాయి మీద ఉన్న పక్క వెన్నుగట్టున 11 ఇళ్లకు చోటు దొరికింది, 64కు దొరకదు. ఒప్పుకున్నవి 8 కుటుంబాలే. పాదం దగ్గరి 3 ఇళ్లవాళ్లు రామన్నారు. బలవంతం చేయలేదు. హెచ్చరిక ఇస్తే మొదట కదలాల్సిన ఇళ్లుగా వాటిని రాసుకున్నాం.

నీటిని దించడం

ముందు కల్వర్టు. ఉన్నదాన్ని మూసి, గుంటకు ఇరువైపులా రెండు కొత్తవి కట్టించి, నీటిని మెట్ల కాలువల మీదుగా సహజ వాగులోకి దింపాం. రోడ్డు విభాగాన్ని ఒప్పించడానికి ఏడు నెలలు పట్టింది. వాళ్ల లెక్కలో రోడ్డు క్షేమంగా ఉంది, రోడ్డు మీద నీరు నిలవడం లేదు. నీరు రోడ్డు దాటాక ఎవరిది అన్న ప్రశ్నకు ఏ ఫైలులోనూ జవాబు లేదు. 2,250 ఘనపు మీటర్ల లెక్క ఒక్క పేజీలో రాసి, పక్కనే బడి ఫొటో పెట్టి పంపాక కదిలారు.

ఊళ్లో పైపులను భూమి మీదుగా, వంగే ప్లాస్టిక్ గొట్టాలతో మళ్లీ వేశాం. పాతిపెడితే కారుడు కనిపించదు. పగులు పైన, వచ్చే నీటిని అడ్డుకుని పక్కకు మళ్లించే కట్టు కాలువను సిమెంటుతో కట్టాలని అంచనాల్లో ఉంటే కొట్టేశాను. కదిలే నేల మీద సిమెంటు కాలువ మొదటి సీజనులోనే పగిలి, నీటిని సేకరించి మరీ లోపలికి పోస్తుంది. వంగే పొర పరిచిన మట్టి కాలువ వేశాం. పగుళ్లను బంకమట్టితో దట్టించి మూశాం.

అసలు పని అడ్డ బోర్లది. వాలు కింది నుంచి లోపలికి, కొద్దిగా పైకి వాలుగా 25 నుంచి 35 మీటర్ల పొడవున 14 బోర్లు వేసి చిల్లుల గొట్టాలు దించాం. మొదటి రెండూ పొడిగా ఉన్నాయి. మూడోదానిలో తడి తప్ప చుక్క రాలేదు. నాలుగోది 28 మీటర్ల దగ్గర ఉండగా యంత్రం నడిపే కుర్రాడు ఒక్కసారిగా వెనక్కి గెంతాడు. బొటనవేలు లావు ధార, మొదట బూడిదరంగులో, పావుగంట తర్వాత తేటగా. ఊరంతా వచ్చి చూసింది. గోడ కట్టిన రోజు కూడా ఇంతమంది రాలేదు. ఆ తర్వాతి పదింటిలో ఆరు పారాయి. నాలుగు నెలల్లో లోపలి నీటిమట్టం 1.8 మీటర్లు దిగింది. మా లెక్కలో భద్రతా గుణకం, అంటే వాలును ఆపే బలం దాన్ని తోసే బలానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, 1.02 నుంచి 1.15కు చేరింది. గొప్ప అంకె కాదు. కొత్త వాలుకైతే 1.5 కావాలంటాం. కానీ బతికున్న ఊరి కింద పాత జారుడుకు నేను దాన్ని చాలా మెరుగైన అంకెగానే చూస్తాను.

అడ్డ బోర్లు మూసుకుపోతాయి. కట్టడం వరకు నిధులుంటాయి, కడగడానికి ఉండవు. హాంకాంగ్‌లో 1972 జూన్ 18న ఒకే రోజు రెండు వాలులు కూలి 138 మంది మరణించారు. 1976లో అందులో ఒక ప్రాంతంలోనే మళ్లీ 18 మంది పోయారు. 1977లో అక్కడి ప్రభుత్వం భూసాంకేతిక నియంత్రణకు ప్రత్యేక కార్యాలయం పెట్టింది. ఇప్పుడు అక్కడ మనుషులు చేసిన దాదాపు 60,000 వాలులకు నంబర్లున్నాయి, ప్రతిదాని నిర్వహణ ఎవరిదో రాసి ఉంటుంది. మేము చిన్నగా అదే చేశాం. 14 గొట్టాలకూ రంగుతో అంకెలు వేసి, ప్రతి నెలా ఒక నిమిషంలో ఎన్ని లీటర్లు వస్తున్నాయో బకెట్టుతో కొలిచి రాయడానికి మనిషిని పెట్టించాం. అంకె పడిపోయిన గొట్టాన్నే కడుగుతారు.

హెచ్చరిక, దాని వైఫల్యం

పనులు సాగిన రెండు సీజన్లలో ఊరికి రక్షణ హెచ్చరిక ఒక్కటే. మొదటి సీజను నియమం సులువైనది: 24 గంటల్లో 100 మిల్లీమీటర్లు దాటితే ఖాళీ. నెల్ కెయిన్ అనే పరిశోధకుడు 1980లో ప్రపంచవ్యాప్తంగా 73 ఘటనలు పోగుచేసి వాన తీవ్రతకూ వ్యవధికీ కనిష్ఠ గీత గీశాడు. అది ‘ఇంతకన్నా తక్కువైతే సాధారణంగా కదలవు’ అని చెబుతుంది, ‘దాటితే నీ వాలు కదులుతుంది’ అని చెప్పదు. మేము ఆ తేడా మరచి ఒక గుండ్రటి అంకె పట్టుకున్నాం. పైగా వర్షమాపకం 14 కిలోమీటర్ల అవతల లోయలో ఉంది.

మూడుసార్లు ఖాళీ చేయించాం. మూడుసార్లూ ఏమీ కాలేదు. నాలుగోసారి 9 కుటుంబాలే కదిలాయి. ఇల్లిల్లూ తిరిగి అడిగితే నమ్మకం పోయిందన్నవాళ్లు కొందరే. ఎక్కువమంది చెప్పిన కారణం పశువులు. శిబిరంలో మనుషులకు చోటుంది, పశువులకు లేదు. రాత్రి మనుషులు వెళ్లినా, ఇంటికొకరు తెల్లవారుజామున పాలు పితకడానికి అదే వాలు మీదకు వస్తున్నారు. మా రికార్డులో మాత్రం ‘ఖాళీ చేయడం పూర్తి’ అని ఉంది.

రెండో సీజనుకు అంతా మార్చాం. శిబిరాన్ని బడి నుంచి వెన్నుగట్టు మీది భవనానికి మార్చి, పక్కన పశువుల పాక వేయించాం. ఊళ్లోనే చేతితో కొలిచే వర్షమాపకం పెట్టాం. పై పగులుకు అడ్డంగా ఒకటి, పాదం వెనక కొత్తగా పడిన పగులుకు అడ్డంగా ఒకటి, రెండు తీగలు కట్టాం. తీగ ఒక కొస గట్టి నేలలో మేకుకు, మరో కొస కప్పీ మీదుగా బరువుకు. పక్కన స్కేలు. కరెంటు అక్కర్లేదు. బడి పంతులమ్మ, ఇద్దరు యువకులు చూసి రాయాలి.

నియమం రెండు మెట్లు. గత మూడు రోజుల వాన 150 దాటి, ఈ రోజు మరో 60 పడితే పశువులు, ముసలివాళ్లు, పాదం దగ్గరి ఇళ్లు ముందు కదలాలి. ఏ తీగైనా గంటకు 1 మిల్లీమీటరు దాటితే వాన ఎంతన్నదానితో పనిలేదు, అందరూ కదలాలి. ఆ ముగ్గురిలో ఇద్దరు అనుకుంటే చాలు, పైకి ఫోను చేయకుండా ఖాళీ చేయించే అధికారం రాతపూర్వకంగా ఇప్పించాం. రాత్రి రెండింటికి అనుమతి కోసం నలుగురు అధికారులను లేపాల్సిన ఏర్పాటును హెచ్చరిక వ్యవస్థ అనలేం.

తిరిగి పంపడానికీ నియమం రాశాం. వాన ఆగి 24 గంటలు గడవాలి, దాంతోపాటు రెండు తీగల్లోనూ 12 గంటల్లో 1 మిల్లీమీటరుకు మించి కదలిక ఉండకూడదు. మా పీజోమీటరు 30 గంటలు అంటుంటే 24 ఎందుకు రాశామంటే బేరం. నేను 48 అడిగాను, శిబిరం ఖర్చు చూసేవాళ్లు 12 అన్నారు. ‘దాంతోపాటు’ అన్న ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నేను తగ్గలేదు.

ఆ రోజు

రెండో సీజను మధ్యలో నాలుగు రోజుల్లో 412 మిల్లీమీటర్లు కురిసింది. మూడో రోజు సాయంత్రమే మొదటి మెట్టు, ఆ రాత్రి రెండోది. అందరూ పశువులతో సహా వెళ్లారు. ఐదో రోజు ఉదయం ఏడింటికి వాన ఆగింది. ఎండ కాసింది. ఆరో రోజు ఏడింటికి 24 గంటలు నిండాయి. పై తీగ కదలడం లేదు. కింది తీగ రాత్రంతా కలిపి 3 మిల్లీమీటర్లు.

తొమ్మిదింటికి పంతులమ్మ నాకు ఫోను చేసింది. శిబిరంలో గొడవగా ఉంది, పైనుంచి కూడా ‘ఎండ కాస్తోంది కదా, పంపేయండి’ అని ఫోను వచ్చిందట. “తీగ ఇంకా జరుగుతోంది సార్. నేను పంపను. మీరు చెప్పినా పంపను” అంది. నేనూ పంపమనలేదు. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి: నేను తడబడ్డాను. పై తీగ నిశ్చలంగా ఉంది, 3 మిల్లీమీటర్లు రాత్రి చలికి తీగ బిగిసినా రావచ్చు అనిపించింది. ఆమెకు ఆ చదువు లేదు గనుక ఆ సాకూ లేదు.

పదకొండింటికి గంటకు 2 మిల్లీమీటర్లు. ఒంటిగంటకు 6. వేగం విలోమాన్ని, అంటే 1ని వేగంతో భాగిస్తే వచ్చే అంకెను, కాలానికి ఎదురుగా గీస్తే ఆ గీత సున్నాను తాకేచోట కూలుతుందని జపాన్ పరిశోధకుడు ఫుకుజోనో 1985లో చూపిన పద్ధతితో గీశాను. ఆ మధ్యాహ్నమే కూలుతుందని చూపించింది. మధ్యాహ్నం 3.40కి, వాన ఆగిన 32 గంటల తర్వాత, పాదం దగ్గర 40 మీటర్ల వెడల్పున కొండ తెగి గోడతో సహా వాగులో పడింది. తరలడానికి ఒప్పుకోనివాళ్ల ఆ 3 ఇళ్లూ పోయాయి. లోపల ఎవరూ లేరు. మిగతా వాలు 4 సెంటీమీటర్లు కదిలి ఆగింది.

ఇది అడ్డ బోర్ల విజయమని నివేదికల్లో రాశారు. నేనంత ధీమాగా రాయలేదు. నీటిమట్టం దించకపోతే మొత్తం పోయేదా అంటే లెక్కలు అవునంటాయి, కానీ దాన్ని నిరూపించే రెండో కొండ మన దగ్గర లేదు. తెగిన ముక్క సరిగ్గా గోడ పునాది తవ్వినంత మేరా ఉందన్నది మాత్రం కొలిచి చూసిన సంగతి.

తర్వాత

తిరిగి పంపే వ్యవధిని 48 గంటలు చేయించాం. ఈసారి ఎవరూ బేరమాడలేదు. స్విట్జర్లాండ్‌లోని బ్రియెంజ్ ఊరిని 2023 మేలో ఖాళీ చేయించారు. జూన్ 15 రాత్రి కొండ తెగి ఊరి అంచున ఆగింది. అయినా జనాన్ని జులై దాకా తిరిగి రానివ్వలేదు. 2024 నవంబరులో మళ్లీ ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఖాళీ చేయించడానికి భయం తోడుంటుంది. ఆపి ఉంచడానికి ఏ తోడూ ఉండదు, ఎండ కూడా ఎదురుగానే నిలుస్తుంది. ఇప్పుడు నేను ఏ ఊరి ప్రణాళిక చూసినా మొదట తిరగేసేది తిరిగి పంపే నియమం ఉన్న పేజీ. చాలాసార్లు ఆ పేజీ ఉండదు.

పని మొదలుపెట్టే పద్ధతి కూడా మార్చుకున్నాను. ఊరికి వెళ్లగానే పగులు దగ్గరకు వెళ్లను. ముందు రోడ్డెక్కి కాలువల వెంట నడుస్తాను, తర్వాత ట్యాంకు దగ్గర సుద్దగీత. బోరు యంత్రం వచ్చేలోగా చేయగలిగిన పరీక్షలివి. పాదం దగ్గర తవ్వే ఏ పని మీదా ముక్కలు ముక్కలుగా తవ్వాలన్న షరతు లేకుండా సంతకం పెట్టను.

ఆ వాలు ఇప్పుడు ఏడాదికి 4 మిల్లీమీటర్లు కదులుతోంది. పంతులమ్మకు బదిలీ అయింది. వెళ్లేముందు తీగల పుస్తకం పాదం దగ్గర ఇల్లు పోయినవాళ్లలో ఒకరికి అప్పగించింది. ఆయన అంకెలు ఆమె కన్నా వంకరగా రాస్తాడు, ఒక్కరోజూ మానడు. పాత రోడ్డును వెడల్పు చేయాలన్న ప్రతిపాదన మొన్ననే పరిశీలనకు నా దగ్గరకు వచ్చింది. 22 డ్రాయింగులున్నాయి. పెరిగే రోడ్డు నీళ్లు ఎటు పోతాయో ఏ ఒక్కదానిలోనూ లేదు. అదొక్క ప్రశ్న రాసి ఫైలు తిప్పి పంపాను.